కాదనగల నోరే ‘సరే’ అనాలి



1897 ఆగస్టు. సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమలకు ఒళ్లప్పగించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. అతని రక్తం తాగిన దోమలోనే ఆ నెల 20న బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు పట్టాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. మరి ఖాన్ ఎందుకు ఒప్పుకున్నట్టు? అణాల కోసమా, దొరను కాదనలేకా, జ్వరం తగ్గుతుందన్న ఆశతోనా?

నేటికీ పరిశోధనలో చేరే మనిషిలో ఇవన్నీ పెనవేసుకునే ఉంటాయి. నలుగురికీ మేలు జరగాలన్న మంచితనం, డబ్బు అవసరం, డాక్టరుగారి దగ్గర మొహమాటం. వీటన్నిటికన్నా లోతైనది ఒక భ్రమ. అసలు మందు ఎవరికో, ఉత్తుత్తి మందు ఎవరికో చీటీలు వేసినట్టు తేలుస్తామని చెప్పినా, ‘నాకు మంచిదే ఇస్తారులే’ అని మనసు సర్దుకుంటుంది. పరిశోధనను వైద్యమనుకునే ఈ పొరపాటును 1982లోనే అమెరికాలో మనోవైద్యుడు పాల్ ఆపెల్‌బామ్ బృందం గుర్తించి పేరు పెట్టింది.

మనసు ఇంత మెత్తనిది కనుకే, అడగకుండా తీసుకున్న సంతకం అంత పెద్ద నేరం. 2009లో ఖమ్మం జిల్లాలో అధ్యయనం కోసం గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, ఎందరో బాలికల తరఫున సంతకాలు పెట్టింది కన్నవాళ్లు కాదు, హాస్టల్ వార్డెన్లు! 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. తప్పు టీకాలో లేదు, అడగకపోవడంలో ఉంది.

అలాగని తలుపులు మూసుకుందామా? 2020 నవంబరు నుంచి హైదరాబాద్ కోవిడ్ టీకా కొవాగ్జిన్ మూడో దశ పరీక్షలకు దాదాపు 25,800 మంది చేయి చాపారు. ఆ చేతులే లేకపోతే అది ఎంత పనిచేస్తుందో తేలేదా?

అందుకే లేవండి! రేపు మీ నాన్న చేతిలో, అమ్మమ్మ చేతిలో అంగీకార పత్రం పెడితే పక్కన కూర్చోండి. అక్షరం వదలకుండా తెలుగులో చదివి వినిపించండి. దేన్ని పరీక్షిస్తున్నారు? నైతిక సంఘం అనుమతి ఉందా? మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆగదు కదా? హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు? మొహమాటపడకండి. ఇవి హక్కుగా అడగాల్సిన మాటలు.

జవాబులు తృప్తినివ్వకపోతే లేచి వచ్చేయండి. తృప్తినిస్తే వెనకాడకండి, ముందు మీ చేయే చాపండి. కాదనగలిగీ ‘సరే’ అన్నప్పుడే అది దానమవుతుంది. హుసేన్ ఖాన్ ఊరివాళ్లం మనం. అణా లెక్కతో కాదు, తెలిసిన మనసుతో ఇద్దాం!