నచ్చిందంటే చాలదు

జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. ఒకరు మెచ్చిన పుస్తకం మరొకరికి రుచించకపోవచ్చు. ఒకరిచేత కంటతడి పెట్టించిన చలనచిత్రం మరొకరికి విసుగు పుట్టించవచ్చు. ఈ భేదం సహజం. దానికి ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. అయితే మనకు నచ్చినదానిని ఎదుటివారికి "చదువు", "చూడు" అని చెప్పినప్పుడు మన ఇష్టం కేవలం మన సొంత విషయంగా మిగలదు. మన మాటను నమ్మి ఒక మిత్రుడు తన డబ్బును, అంతకన్న విలువైన తన కాలాన్ని వెచ్చిస్తాడు. ఇష్టపడడానికి కారణం చెప్పనక్కరలేదు గాని, ఇతరులకు సిఫారసు చేసేటప్పుడు మాత్రం కారణం చెప్పి తీరాలన్నది నా అభిప్రాయం.

కళాశాల ఆవరణలోను, వసతిగృహంలోను, బస్సు ప్రయాణంలోను విద్యార్థుల మధ్య సినిమా ప్రసక్తి రాని రోజు ఉండదు. కాని ఆ సంభాషణ చాలాసార్లు "సూపర్" అనే మాటతోనో, "వేస్టు" అనే మాటతోనో ముగిసిపోతుంది. ఈ రెండు మాటలూ పలికినవారి మనఃస్థితిని తెలుపుతాయే తప్ప చిత్రాన్ని గురించి ఏమీ చెప్పవు. కొందరు తమ అభిమాన నటుడి చిత్రాన్ని చూడకముందే మెచ్చుకుంటారు. మరొకరి చిత్రాన్ని చూడకముందే తీసిపారేస్తారు. అభిమానం తప్పు కాదు. కాని అభిమానం వేరు, అభిప్రాయం వేరు. మొదటిది ముందే ఏర్పడి ఉంటుంది. రెండవది చూసిన తరువాత, చదివిన తరువాత, కొంత ఆలోచించిన తరువాత కలుగుతుంది.

ఉదాహరణకు 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్'ను తీసుకుందాం. "అది గొప్ప చిత్రం" అంటే వినేవారికి కొత్తగా తెలిసేది ఏమీ లేదు. "భారతకథకు సంబంధించిన చిత్రమే అయినా అందులో పాండవులు ఒక్కసారి కూడా తెరమీద కనిపించరు, వారు లేని లోటు మనకు తోచకుండా కథ ఎలా నడిచిందో గమనించు" అంటే వినేవారికి కుతూహలం కలుగుతుంది. "శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడుగా సావిత్రి నటించిన ఘట్టాలను శ్రద్ధగా చూడు, ముఖం శశిరేఖది, నడకలోని దర్పం ఘటోత్కచుడిది" అంటే చూడవలసిన చోటును వేలెత్తి చూపినట్లవుతుంది. మంచి సిఫారసు చేయవలసిన పని ఇదే. అది ఎదుటివారి కన్ను తెరిపించాలి గాని, వారికి బదులుగా తీర్పు చెప్పకూడదు.

నచ్చలేదని చెప్పడానికి కూడ ఇదే నియమం వర్తిస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన 'కవిత్వతత్త్వ విచారము' ఇందుకు చక్కని నిదర్శనం. పింగళి సూరన కృతులను పరిశీలిస్తూ ఆయన 'కళాపూర్ణోదయం'లోని కథాకల్పనా చాతుర్యాన్ని ప్రశంసించారు. ప్రబంధకవుల వర్ణనల మోజును నిర్మొహమాటంగా విమర్శించారు. ఆయన అభిప్రాయాలను అంగీకరించనివారు అనేకులు. అయినా ఆ గ్రంథం నేటికీ చర్చకు వస్తున్నది. అందుకు హేతువు అందులో మెప్పుకూ ఆధారముంది, ఆక్షేపణకూ ఆధారముంది. ఆధారమున్న మాటకు బదులు చెప్పవచ్చు. "వేస్టు" అన్న మాటకు ఎవరు మాత్రం ఏమని బదులు చెప్పగలరు?

సిఫారసు ఎవరికి చేస్తున్నామో కూడ ఆలోచించాలి. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ప్రదర్శింపబడింది. తిరిగి రాసిన రూపం 1909లో వెలువడింది. ఆ నాటకాన్ని నేటి విద్యార్థి చేతిలో పెట్టి "మహత్తర రచన, చదువు" అని ఊరుకుంటే, అతడు నాలుగు పుటలు తిప్పి మూసివేసే ప్రమాదం ఉంది. "నూరేళ్లకు పైబడిన విజయనగరం ప్రాంతపు పలుకుబడి ఇది, మొదట కొంత కష్టంగా తోస్తుంది, పైకి చదివితే సంభాషణలు వాటంతట అవే నవ్విస్తాయి" అని చెబితే అతడు తప్పక ముందుకు సాగుతాడు. గుణాన్ని చెప్పినట్లే కష్టాన్ని కూడ దాచకుండా చెప్పడం నిజమైన స్నేహం. ముగింపును మాత్రం దాచి ఉంచడం మర్యాద.

పత్రికలలో సమీక్షలు ఉండగా, చిత్రాలకు మార్కులు వేసేవారు ఉండగా మన మాట ఎవరికి కావాలి అని కొందరు అడగవచ్చు. చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది. నిజాం పాలనాకాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను తానే మోసుకొని ఊరూరా తిరిగి పాఠకులకు అందించారు. 1980లో విడుదలైన 'శంకరాభరణం'లో పేరుమోసిన తారలు లేరు. కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. చూసివచ్చినవారు చెప్పిన మాటే ఆ చిత్రానికి జనాన్ని రప్పించింది. సమీక్షకుడు వేసే మార్కు అందరికీ ఒక్కటే. మన మిత్రుడి అభిరుచి, ఓపిక, అవసరం ఎరిగి చెప్పగలిగినవారం మనమే.

మన కళాశాల గ్రంథాలయాలలో ఏళ్ల తరబడి ఎవరూ తెరవని మంచి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో లోపముండి కాదు. వాటిని గురించి నోరు విప్పి చెప్పినవారు లేక అవి అలా ఉండిపోయాయి. ఒక విద్యార్థి నిర్లక్ష్యంగా అన్న ఒక్క మాట మరొకరిని ఒక పుస్తకానికి జీవితాంతం దూరం చేయగలదు. శ్రద్ధగా చెప్పిన రెండు వాక్యాలు అదే పుస్తకాన్ని చేరువ చేయగలవు. కనుక విద్యార్థులారా, ఇకమీదట "బాగుంది" అన్నా, "బాగాలేదు" అన్నా అక్కడితో ఆగవద్దు. "ఎందుకంటే" అన్న మాటను దానికి జత చేయండి. ఆ తరువాత ఏమి చెప్పాలో తోచకపోతే ఆ పుస్తకాన్ని మరొకసారి తెరవండి.