బూడిద రంగు చేసిన పాపమేమి?

మా ఇంటి లోగోడలకు లేత బూడిద రంగు వేయిస్తానన్నందుకు బంధువులందరూ నాపై కత్తి కట్టారు. ఇంటికి బూడిద పూయడం అశుభమట! ప్రతి ఉదయం నుదుట విభూతి ధరించే మా బావగారే ఈ మాట అనడం విడ్డూరం. అదే రంగును దుకాణదారు ‘గ్రే’ అంటే ఆయనకు అభ్యంతరం లేదు. దోషం రంగుదా, తెలుగు మాటదా? ధూసరమనండి, పావురాయి రంగనండి, గోడకు పట్టింపు లేదు.

మిత్రులారా, విచారించవలసినది వెలుతురును గురించి. నిరుడు దుకాణంలో ట్యూబులైటు కింద అగ్గిపెట్టెంత రంగుముక్క చూసి మా అబ్బాయి ఎంచిన బూడిద రంగు, మా ఉత్తరపు గదిలో నీలం తిరిగి, వానమబ్బు లోపలికి వచ్చి కూర్చున్నట్లయింది. ఆ గదికి నేరుగా ఎండ తగలడం అరుదు. ఆకాశపు నీలికాంతే దిక్కు. రంగులో దాగిన నీలిఛాయను అది పైకి లాగింది. కంటిలో శుక్లాలున్న మా ఆవిడ ఆ మసకలో గడప కానక పడబోయింది. దీనికంటె అశుభమేమున్నది?

(మా నాన్నగారు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపించేవారు. పసుపుజీర విరిగి గోడ మరింత తెల్లగా తోచేది. ఛాయల లెక్క మనవారు ఎరుగనిది కాదు.)

ఈసారి కొంచెం గోధుమఛాయ కలిసిన లేత బూడిదను పెద్ద అట్టకు రెండు పూతలు పూసి, ఆ గది గోడకే ఆనించి, ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టిన తరువాత చూశాము. పైకప్పు తెలుపే. గడపకు పసుపు ఎలాగూ ఉన్నది. కనిపిస్తున్నదని మా ఆవిడ అన్నది. సోమవారం పని మొదలు. బావగారు వచ్చి చూడవచ్చును.