రేపటి చీటీ
ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు గానీ, మెత్తటి పరుపు మీద కూడా కన్ను మూతపడనివాళ్లకు ఆ సామెత ఎగతాళిలా వినిపిస్తుంది. వాళ్లను కాల్చుకు తినేది చాలాసార్లు పెద్ద దుఃఖమేమీ కాదు, రేపటి పనుల చిట్టా: కరెంటు బిల్లు, పిల్లాడి ఫీజు, ఆఫీసులో చెప్పుకోవాల్సిన జవాబు. దాన్ని కాగితం మీదికి దించేయమంటాను. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం 57 మంది యువతీయువకులపై జరిపి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు 5 నిమిషాలు చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లు, చేసేసినవి రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. పడుకోబోతూ చింతలు తవ్వుకోవడమేమిటని అడగొచ్చు. తవ్వక్కర్లేదు, అవి పైపైనే ఉన్నాయి. మరిచిపోతామన్న భయంతో మనసు వాటికి కాపలా కాస్తోంది, అంతే. అప్పుల బాధ చీటీతో తీరదు, నిజమే; నెలల తరబడి నిద్రలేనివాళ్లు డాక్టరును కలవాల్సిందే. మిగతావాళ్లు ఈ రాత్రికి తలగడ పక్కనుంచి ఫోను తీసేసి, ఓ పాత నోటుపుస్తకం, పెన్సిలు పెట్టుకోండి.