సముద్రపు ఒడ్డున పాత బంగళా



మా సంఘపు పాత మిషను బంగళాను పడగొట్టి దుకాణాలు కడదామని కమిటీలో మాట వచ్చినప్పుడు మేమును తల ఊపాము. ఆ తరువాతనే తమిళనాడులోని తరంగంబాడి చూశాము.

ఆంగ్లేయుల కాలములో కలెక్టరు నివసించిన సముద్రతీర బంగళా అక్కడ బాగుచేయబడి అతిథి గృహమైనది. కొద్ది దూరములోనే, డేనిష్‌వారు 1620లో కట్టనారంభించిన డాన్స్‌బోర్గ్ కోట ఉన్నది. 1706 జూలై 9న జీగెన్‌బాల్గ్, ప్లుచావ్ అను ఇద్దరు యౌవన సేవకులు ఇక్కడే ఓడ దిగారు. ఆదరించవలసిన డేనిష్ అధికారియే 1708లో జీగెన్‌బాల్గ్‌ను ఈ కోటలో బంధించి, నాలుగు నెలలు ఉంచాడు. అయినను 1715లో తమిళ క్రొత్త నిబంధన ఈ ఊరిలోనే అచ్చయినది. 1719లో ఆయన నలుబది నిండకముందే, మాకన్న చిన్న వయస్సులో, కన్నుమూశారు. అదే సంవత్సరము వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసులో బైబిలును తెలుగులోనికి తర్జుమా చేశారు. అది అచ్చుకు నోచుకొనలేదు.

1845లో డేనిష్‌వారు ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేశారు. 1306 నాటి మాసిలామణి నాథర్ ఆలయములో కొంత భాగమును అలలు తినివేశాయి. 2004 డిసెంబరు 26న సునామీ ఎందరినో పొట్టన పెట్టుకొన్నది.

సముద్రము తీసికొనిపోవుదానిని మనము ఆపలేము. మన చేతులతో పడగొట్టుదానిని ఆపగలము గదా! తిరిగి వచ్చి కమిటీలో మా మాట వెనుకకు తీసికొన్నాము. తీర్మానము ఇంకను కాలేదు. ప్రార్థించండి. మీ సంఘపు బీరువా అడుగున ఏ బాప్తిస్మపు రిజిస్టరుకు చెదలు పట్టుచున్నదో, ఈ వారమే తెరచి చూడండి.