పీఎఫ్ వద్దనే వాదం ఎవరిది?

షోలాపూర్ జోడ్‌భావి పేటలో ఈమధ్య ఒక మాట బాగా నడుస్తోంది. "పీఎఫ్ కోత ఎందుకు? ఆ పైసలు చేతికిస్తే మ్యూచువల్ ఫండ్ ఎస్‌ఐపీలో మేమే పెట్టుకుంటాం, పన్నెండు శాతం వస్తది." టవళ్ల కార్ఖానాలో కుర్రాడూ ఇదే అంటాడు, సేటూ ఇదే అంటాడు. కూలీ రేటు దగ్గర ఎన్నడూ కలవని ఇద్దరు ఇక్కడ కలిశారంటే లాభం ఎవరిదో చూడాలి.

నెలకు 10,000 కూలీ అనుకోండి. కార్మికుడి నుంచి 1,200, సేటు నుంచి 1,200. సేటు వాటాలో 833 పెన్షన్‌కు, 367 పీఎఫ్‌కు. పెన్షన్‌కు కేంద్రం ఇంకో 116 కలుపుతుంది. "చేతికివ్వండి" అంటే చేతికొచ్చేది తన 1,200 మాత్రమే. సేటు వాటా సేటు గల్లాలోనే ఉండిపోతుంది. వేసిన రోజే రూపాయికి రూపాయి కలిసే ఫండ్ ఎక్కడుందో ఈ పన్నెండు శాతం వాళ్లు చూపించాలి. పైగా ఆ పన్నెండు ఎవరూ రాసిచ్చేది కాదు. పీఎఫ్‌కు 2024-25లో ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. షేర్లే కావాలంటారా, పీఎఫ్ సంస్థ 2015 నుంచే కొత్త జమల్లో కొంత అటు పెడుతోంది.

ఎస్‌ఐపీ మొదలుపెట్టిన నెలకే మనిషి పోతే ఇంటికొచ్చేది ఆ నెల కట్టిందే. పనిలో ఉండగా పోయినవాడి పేర ఒక్క నెల పెన్షన్ వాటా జమైనా భార్యకు పెన్షన్ వస్తుంది. ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు, ఎందుకంటే ఇందులో కమీషన్ లేదు.

మన ఇళ్లల్లోనే చూడండి. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే ఇల్లాలికి పీఎఫ్ ఉంటుంది, చద్దర్ల మగ్గం దగ్గర జీవితమంతా నిలబడ్డ ఆమె మగనికి ఉండదు. ఆమెకూ ఊరికే రాలేదు. బీడీ పరిశ్రమను 1977లో పీఎఫ్ కిందికి తెస్తే, ఇంట్లో చుట్టేవాళ్లు మా పనివాళ్లే కారని యజమానులు కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ఇప్పుడు మగ్గాల సేట్లలో కొందరు ఒకే షెడ్డును అన్న పేర సగం, తమ్ముడి పేర సగం చూపించి 20 మంది లెక్క తప్పించుకుంటున్నారు. దానికి మన కుర్రాళ్లు తోడు పలుకుతున్నారు!

పీఎఫ్ పెన్షన్ మీద కోపం న్యాయమైనదే. కనీస పెన్షన్ 2014లో వెయ్యి చేశారు, ఏళ్లు గడిచినా పెంచలేదు. సిగ్గుచేటు. అందుకు పెంచమని కొట్లాడాలి గానీ, సేటు వాటా వదులుకుంటారా? పెన్షన్‌కు కావాల్సిన పదేళ్లు నిండకముందే, పనిలో చేరిన ఎనిమిదో ఏటనో, బిడ్డ పెళ్లికని పని మాని, పీఎఫ్ తీసే ఫారం 19తో పాటు పెన్షన్ సొమ్ము తీసే 10సి కూడా నింపి అంతా తీసుకునేవాళ్లు మరీ నష్టపోతున్నారు. ఆ 10సి డబ్బుతో అప్పటిదాకా చేసిన సర్వీసు చెరిగిపోతుంది. పదిహేనేళ్లు నిలబడితే, అదే 10,000 కూలీ లెక్కన నెలకు సుమారు 2,143 పెన్షన్ వస్తుంది.

పీఎఫ్ పోగా మిగిలితే ఎస్‌ఐపీ వేసుకోండి, ఎవరొద్దన్నారు? నిజంగానే చిన్న కార్ఖానా, పీఎఫ్ వర్తించదంటే అటల్ పెన్షన్ ఉంది. 5,000 పెన్షన్‌కు 18 ఏళ్లప్పుడు చేరితే నెలకు 210, 40 ఏళ్లకైతే 1,454. ఆ తర్వాత చేర్చుకోరు.

మీ కార్ఖానాలో 20 మంది ఉన్నారా? అయితే ఏ ఫండ్ మంచిదని అడిగేముందు సేటు దగ్గరికి పోయి మీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, అడగండి.