సముద్ర చమురుకు పూచీ ముందే తీసుకోవాలి

రామసముద్రం: ఊరి పేరులో సముద్రం ఉన్నా అసలు సముద్రం ఇక్కడికి చాలా దూరం. పెద్ద చెరువును సముద్రమని పిలవడం ఈ సీమలో పాత వాడుక. ఇక్కడి టమోటా పుంగనూరు, మదనపల్లె మండీలకు, సరిహద్దు దాటి కర్ణాటక మార్కెట్లకు పోతుంది. బంగాళాఖాతంలో చమురు తీసే విదేశీ కంపెనీల మీద ప్రభుత్వ అదుపు ఎంత ఉండాలన్న ప్రశ్న ఇక్కడి వర్తకులకు సంబంధం లేనిదిగా తోచవచ్చు. కాని ఆ ప్రశ్నకు జవాబు ప్రతి ఉదయం మండీలో దొరుకుతూనే ఉన్నది.

ముఖపరిచయం లేని కొనుగోలుదారు ఒకరు వచ్చి వెయ్యి క్రేట్లు కావాలన్నాడనుకుందాం. మండీ యజమాని అతని కారు చూసి సరుకు ఎత్తడు. నగదు అడుగుతాడు, లేదా తెలిసినవాడి పూచీ అడుగుతాడు. లారీ కదిలిపోయిన తర్వాత పూచీ అడగడం వ్యాపారం కాదు. కమీషన్ ఏజెంటు లైసెన్సు కోరినప్పుడు యార్డు జామీను అడిగేది కూడా ఇందుకే. రైతు సొమ్ము ఎగవేతకు గురైతే ఆనాడు వెతుక్కోనక్కర లేకుండా ఈనాడే కొంత కట్టి ఉంచాలన్నది అందులోని నీతి.

సముద్రంలో ఈ నీతి తారుమారైతే ఏమవుతుందో మోంటారా ఉదంతం చెబుతుంది. 2009 ఆగస్టు 21న ఆస్ట్రేలియాకు ఉత్తరాన తైమూర్ సముద్రంలో మోంటారా బావి అదుపు తప్పింది. థాయిలాండ్ ప్రభుత్వ చమురు సంస్థకు చెందిన అనుబంధ కంపెనీ దానిని నడుపుతున్నది. 74 రోజులు చమురు కారింది. నష్టపోయినవారిలో సముద్రానికి ఆవలి గట్టున, ఇండోనేషియా దీవులలో సముద్రపు నాచు పండించే రైతులున్నారు. నాచు వారికి టమోటా వంటి నగదు పంట. పంట చచ్చిపోయింది, కొనేవారు వెనుకకు తగ్గారు. 15,000 మందికి పైగా రైతుల తరఫున ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టులో దావా నడిచింది. 2021 మార్చిలో తీర్పు రైతులకు అనుకూలంగా వచ్చింది. 2022 నవంబరులో 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. బావి పగిలిన నాటికి, రాజీ కుదిరిన నాటికి మధ్య 13 ఏళ్లు గడిచాయి. 13 ఏళ్లు వసూలు కాని బాకీతో ఏ మండీ రైతు నిలబడగలడు?

ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ దెబ్బతో కొంత నేర్చుకున్నది. 2012 జనవరి నుంచి సముద్ర చమురు పనులకు భద్రతతో పాటు పర్యావరణాన్ని కూడా చూసే ప్రత్యేక సంస్థను నిలబెట్టింది. చమురు ఒలికితే అయ్యే ఖర్చు భరించగల ఆర్థిక స్తోమతను కంపెనీ ముందుగానే చూపి తీరాలని 2013లో చట్టం సవరించింది. ఆ షరతుకు జడిసి అక్కడ చమురు పరిశ్రమ మూతపడలేదు. నిజమైన కొనుగోలుదారు పూచీ అడిగితే కోపగించుకోడు. కోపగించుకొని పోయేవాడు పోవడమే మండీకి లాభం.

ఇక ఆంధ్ర తీరం మాట. కాకినాడకు ఎదురుగా కృష్ణా గోదావరి లోతుజలాలలో ఉన్న డి6 బ్లాకులో బ్రిటిష్ కంపెనీ బీపీ, రిలయన్స్‌కు భాగస్వామి. 2011లో రిలయన్స్ బ్లాకులలో 30 శాతం వాటాకు 720 కోట్ల డాలర్ల బేరం కుదిరింది. అప్పటికి మెక్సికో సింధుశాఖలో బీపీ బావి పేలి 11 మంది మరణించి ఏడాది మాత్రమే అయింది. అక్కడి నీటి లోతు సుమారు 1,500 మీటర్లు. డి6లో కొన్ని బావులు 2,000 మీటర్లకు మించిన లోతులో ఉన్నాయి. ఇక్కడ తీసేది ప్రధానంగా గ్యాసు. మెక్సికో వంటి ప్రమాదం ఇక్కడ జరగలేదు. అంతమాత్రాన పూచీ అక్కరలేదని అర్థం కాదు. పూచీ అడిగేది ఎగవేత జరగక ముందే.

అమెరికా ఆనాడు గట్టిగా నిలబడింది. ప్రమాదం జరిగిన రెండు నెలలలోపే 2,000 కోట్ల డాలర్ల నిధికి బీపీ చేత ఒప్పించింది. 2015లో మరో 2,080 కోట్ల డాలర్లకు కేంద్ర, రాష్ట్రాల దావాలు పరిష్కారమైనాయి. ఇది అమెరికా బలం వల్ల జరిగింది. కంపెనీ ఆస్తులు, అమ్మకాలు ఆ గడ్డ మీదనే ఉన్నాయి. అంత పట్టు లేని దేశానికి బలం కాగితం మీదనే ఉండాలి, అదీ ముందే రాసుకున్న కాగితం మీద.

మన కాగితం ఎట్లా ఉన్నది? టాంకరు ఓడ నుంచి చమురు ఒలికితే పరిహారానికి అంతర్జాతీయ ఒడంబడిక ఉన్నది. సముద్రపు బావి పగిలితే అటువంటి ప్రపంచ ఒడంబడిక లేదు. ఉత్పత్తి వాటా ఒప్పందాలలో బ్యాంకు గ్యారంటీ తీసుకునే పద్ధతి ఉన్నా అది ముఖ్యంగా త్రవ్వుతామన్న బావులు త్రవ్వడానికి హామీ. బీమా, నష్టపరిహారం షరతులు ప్రభుత్వానికి, కంపెనీకి మధ్య మాట. వల వేసే జాలరి, కాలువ నీటితో రొయ్యలు పెంచే రైతు, రొయ్యలు ఎగుమతి చేసే వర్తకుడు ఆ ఒప్పందంలో ఎవరూ కారు. 1948 చమురు క్షేత్రాల చట్టం క్రింద నియమోల్లంఘనకు ఆరు నెలల జైలు లేదా 1,000 రూపాయల జరిమానా ఉండేది. 2025 సవరణలో జైలు తీసివేసి జరిమానాను గరిష్ఠంగా 25 లక్షలు చేశారు. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 లక్షలు. వందల కోట్ల డాలర్ల వ్యాపారంలో ఇది హమాలీ ఖర్చు పాటి కూడా కాదు.

కాటా సంగతి మరొకటి. సరుకు అమ్ముకునేవాడి చేతిలోనే కాటా ఉంటే రైతు నమ్మడు. సముద్ర చమురు పనుల భద్రతకు 2008లో నియమాలు చేసి, చమురు పరిశ్రమ భద్రతా సంస్థకు అధికారం ఇచ్చారు. ఆ సంస్థ పెట్రోలియం మంత్రిత్వ శాఖ క్రిందిది. ఉత్పత్తి పెంచవలసినదీ, లాభంలో ప్రభుత్వ వాటా చూసుకోవలసినదీ ఆ శాఖే. మెక్సికో ప్రమాదం నాటికి అమెరికాలోనూ ఇదే ఏర్పాటు ఉండేది. 2011లో వారు ఆదాయం వసూలు, లీజులు, భద్రత మూడు వేర్వేరు సంస్థలకు పంచారు.

పూచీ లేని చోట తుదకు ఎవరు చెల్లిస్తారో విశాఖపట్నం చూసింది. 2020 మే 7న దక్షిణ కొరియా కంపెనీకి చెందిన ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది మరణించారు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ప్రకటించినది రాష్ట్ర ప్రభుత్వం, అంటే ఖజానా. మరునాడు హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమన్నది. తగిన పర్యావరణ అనుమతి లేకుండానే కర్మాగారం నడిచిందన్న సంగతికి ప్రాధాన్యం వచ్చింది ప్రాణాలు పోయిన తర్వాతనే. లైసెన్సు చూడవలసిన వేళ చూడని ప్రభుత్వం తర్వాత ఎంత కఠినంగా మాట్లాడినా అది తన బాకీ తాను తీర్చుకోవడమే.

విదేశీ పెట్టుబడి బెదిరిపోతుందని, ముడిచమురులో అత్యధిక భాగం దిగుమతి చేసుకునే దేశం బేరాలాడరాదని ఒక వాదన ఉన్నది. డీజిల్ ధర పెరిగితే టమోటా లారీ బాడుగ పెరుగుతుందని ఇక్కడి వర్తకులకు ఒకరు చెప్పనక్కర లేదు. కాని పూచీకయ్యే ఖర్చు ముందే తెలిసిన ఖర్చు, దానిని లెక్కలో వేసుకోవచ్చు. తీరం పాడైతే వచ్చే నష్టానికి లెక్క లేదు. రొయ్యలలో చమురు వాసన ఉన్నదన్న అనుమానం ఒక్కటి చాలు, విదేశీ కొనుగోలుదారు కంటైనరు తిప్పి పంపుతాడు. ఆ ధర మళ్లీ లేవడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుచేత ప్రభుత్వం చేయవలసిన పనులు మూడు. బావికి అనుమతి ఇవ్వక ముందే, ఘోర ప్రమాదం జరిగితే అయ్యే నష్టానికి సరిపడా పూచీ దేశంలోనే కట్టించుకోవాలి. తనిఖీ అధికారాన్ని పెట్రోలియం శాఖ నుంచి విడదీయాలి. జాలరులు, రొయ్యల రైతులు, వర్తకులు నేరుగా అర్జీ పెట్టుకుని గడువులోగా పరిహారం పొందే హక్కు ఒప్పందంలోనే రాయాలి. ప్రమాదం జరిగిన తర్వాత విదేశీ కంపెనీని నిందించడం సులభం. ముందే పూచీ అడగని మండీ యజమానిని రైతు ఏమంటాడో, అదే మాట ప్రభుత్వానికీ వర్తిస్తుంది.