కొల్లేటికి లేకపోయిన ఒక్క సెక్షన్

ఏలూరు నుంచి భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా నిడదవోలుకు పోయే రైలు మార్గం కొల్లేటి సరస్సుకు ఉత్తరాన ఉంది. గుడివాడ నుంచి కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం చేరే లైను దక్షిణాన ఉంది. ఈ రెండు రైలు కట్టల మధ్య బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతా కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రం వైపు సాగాలి. ఆ నీటికి అడ్డంగా సరస్సు కడుపులోనే చేపల చెరువుల గట్లు లేచాయి. రైలు కట్ట సర్కారు చట్టం బలంతో వచ్చింది. చెరువు గట్టుకూ తొలి ఊతం సర్కారే ఇచ్చింది. అయితే రైలు కట్ట వేసినవాడి నెత్తిన చట్టం నీటి బాధ్యతను కూడా పెట్టింది. చెరువు గట్టు వేసినవాడిని అలాంటి బాధ్యత అడిగిన నాథుడు లేడు. కొల్లేటి కష్టాల్లో పెద్ద భాగం ఈ తేడాలోంచే పుట్టిందని నేను నమ్ముతున్నాను.

మన దేశంలో రైళ్లు వ్యాపారుల సాహసంతోనే రాలేదు. 1849లో కుదిరిన తొలి ఒప్పందాల్లోనే ఇంగ్లండు కంపెనీలకు భూమి ఉచితంగా దక్కింది, పెట్టుబడి మీద 5 శాతం రాబడికి పూచీ కూడా దొరికింది. రాబడి తగ్గితే ఆ లోటు పూడ్చింది ఇక్కడి రైతు కట్టిన శిస్తే. తర్వాత సర్కారే స్వయంగా రంగంలోకి దిగింది. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పు తీరపు లైను 1893, 1896 మధ్య ప్రభుత్వ రైల్వేగా తయారైంది. వలసపాలకులు తమ అవసరానికి తెచ్చిన రైల్వే చట్టాల్లోనూ మనం నేర్చుకోవలసింది ఒకటుంది. 1890 నాటి రైల్వే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, లైను వేయకముందు చుట్టుపక్కల భూముల నీరు ఎంత ధారాళంగా పారేదో వేసిన తర్వాతా అంతే ధారాళంగా పారేలా తూములు, వంతెనలు, కాలువలు రైల్వేయే కట్టాలి. 1989 చట్టంలోనూ ఆ బాధ్యత నిలిచి ఉంది. బెంగాల్లో రైలు కట్టలే వరదను ఆపి పొలాలు ముంచాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, చట్టాన్ని అన్నిచోట్లా సరిగా అమలు చేయలేదు. కానీ బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉంటే, మునిగిన రైతు ఎవరి గడప తొక్కాలో తెలుస్తుంది. బాధ్యతే రాయని చోట ఆ ఆసరా కూడా ఉండదు.

బాధ్యత రాయని చట్టం ఏం చేస్తుందో మరో దేశంలో చూద్దాం. చట్టం చేతిలో పట్టుకుని కొత్త నేలకు జనాన్ని తరలించడంలో అమెరికాను మించిన ఉదాహరణ లేదు. 1862లో ఒక చట్టం, అయిదేళ్లు కాపురం ఉండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు ఇస్తానంది. అదే ఏడు వచ్చిన పసిఫిక్ రైల్వే చట్టం లైను వేసిన ప్రతి మైలుకూ కంపెనీలకు 6,400 ఎకరాలు ఇచ్చింది, 1864లో దాన్ని రెట్టింపు చేసింది. ఈ చట్టాలతో దేశం ఒక కొస నుంచి మరో కొసకు కలిసింది, లక్షల కుటుంబాలు సొంత భూమి కళ్లజూశాయి. అయితే వాటిలో రెండు లోపాలున్నాయి. తరతరాలుగా ఆ నేల మీద బతికిన ఆదివాసుల చేతిలో పట్టా లేదు కాబట్టి వాళ్లసలు లెక్కలోకే రాలేదు. భూమి ఇచ్చిన ప్రభుత్వం నాగలికి, ఎద్దులకు, తొలి పంట చేతికొచ్చే దాకా తిండికి పెట్టుబడి ఇవ్వలేదు. పైగా ఆరు నెలలు ఉండి ఎకరాకు డాలరుంపావు చెల్లిస్తే భూమి సొంతమయ్యే వెసులుబాటు ఉండడంతో, పేదల పేరు మీద తీసుకున్న భూములు డబ్బున్నవాళ్ల చేతికి చేరాయి.

ఆ రెండు లోపాలూ కొల్లేట్లో మళ్లీ కనిపిస్తాయి. తాటి దోనెల మీద వల వేసుకుని బతికిన వడ్డీ కులస్తుల కుటుంబాలకు సరస్సే జీవనాధారం, దాని మీద వాళ్లకు కాగితం లేదు. 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలో చెరువులు తవ్వించి ఇచ్చింది. పేదవాడికి నీటి మీద హక్కు ఇవ్వాలన్న ఆలోచన గొప్పది. కానీ చేపల చెరువుకు ఏం కావాలో చూడండి. గట్టు తెగకుండా ఏటా మట్టి వేయాలి. బొచ్చె, శీలావతి పిల్లలు కొనాలి. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, వెదురు కర్రలకు కట్టి రోజూ నీళ్లలో వేలాడదీయాలి. పట్టుబడి రోజు కూలీలు, ఐసు, ట్రేలు, హౌరా మార్కెట్‌కు లారీ కిరాయి సిద్ధంగా ఉండాలి. నెలల తరబడి లక్షలు నీళ్లలో పోసి కూర్చోగల సత్తా సంఘం సభ్యుడికి లేదు. అందువల్ల పేరు సంఘానిది, పెట్టుబడి బయటివాడిది అయింది. ఏటా చేతికొచ్చే లీజు సొమ్ముతో సభ్యుడు సరిపెట్టుకున్నాడు, తన చెరువు గట్టు మీదే కూలీగా నిలబడ్డాడు.

గట్లు పెరిగిన కొద్దీ నీటి దారి మూసుకుపోయింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు (నేల ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు బద్దలుకొట్టారు. ముప్పై ఏళ్ల కింద పిలిచి చెరువు చేతిలో పెట్టిన ప్రభుత్వమే యంత్రాలతో వచ్చి గట్టు తెగ్గొట్టింది. ఆ దెబ్బ పెట్టుబడిదారు కంటే సంఘం సభ్యుడికే గట్టిగా తగిలింది. పెట్టుబడిదారు మరో ఊళ్లో మరో చెరువు చూసుకోగలడు. లంక గ్రామంలోని కుటుంబానికి వేరే చోటు లేదు.

దీనికి విరుగుడుగా అభయారణ్యం సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని చాలాకాలంగా అడుగుతున్నారు. 2008లో శాసనసభ తీర్మానమే చేసింది. పట్టా ఉన్న రైతు గోడు న్యాయమైనదే. సొంత జిరాయితీ భూమి పరిహారం లేకుండా అభయారణ్యంలో చిక్కుకుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ మూడుకు, ఐదుకు మధ్య నేల వానాకాలంలో వరద పరుచుకునే చోటు. దాన్ని వదిలేస్తే ఆ నీరు ఊళ్ల మీదికే వస్తుంది. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరేది కొల్లేటికే. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా ఐదో కాంటూరును నిలపాలనే చెప్పింది. రైతుకు అన్యాయం జరిగితే దానికి మందు పరిహారం. సరస్సును కోసి పంచితే ఇంకొక ఊరికి అన్యాయం చేసినట్టే. ఆక్వా రంగం ఈ ప్రాంతానికి అన్నం పెడుతోంది కదా అన్నది మరో వాదన. పెడుతోంది, కాదనను. కానీ చెరువులు సరస్సు గర్భంలోనే ఉండాలన్న నియమమేమీ లేదు. వరద దారికి బయట, మురుగు కాలువల సౌకర్యంతో సాగే చెరువుకు ఎవరూ అడ్డు చెప్పరు.

అందుకే చేయవలసింది కొత్త చట్టం, అదీ రైలు చట్టంలోని ఆ సెక్షన్ లాంటి నిబంధనతో. ఏ చెరువు గట్టయినా వేయకముందు పారినంత నీరూ వేసిన తర్వాతా పారాలి, ఆ పూచీ లీజుదారు పేరు మీద రాయాలి. లీజులన్నీ పంచాయతీలో బహిరంగంగా నమోదు కావాలి, అప్పుడు బినామీ బయటపడతాడు. మురుగు కాలువల ఖర్చుకు లాభపడేవాడే డబ్బు కట్టే పద్ధతి ఈ డెల్టాకు కొత్త కాదు. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్ వేస్తూ చట్టం వచ్చింది. వరి రైతు మోసిన భారం చేపల రైతు ఎందుకు మోయకూడదు? ఆ డబ్బుతో ఉప్పుటేరు పూడిక తీయవచ్చు, అభయారణ్యంలో ఉన్న పట్టాదారుకు పరిహారం ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముందు, సంఘం సభ్యుల్లో అసలు మత్స్యకారులెవరో తేల్చి, ఊరికే పట్టా ఇచ్చి చేతులు దులుపుకోకుండా, సహకార బ్యాంకు రుణం, బీమా, అమ్ముకునే మార్కెట్ వాళ్లకు చేరేలా చూడాలి. జనాన్ని ఒక నేల మీదికి పిలిచిన ప్రభుత్వానికి ఆ జనం పట్లా, ఆ నీటి పట్లా బాధ్యత తీరదు. ఆ బాధ్యతను చట్టంలో రాయించుకోవడం ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల ప్రజాప్రతినిధుల తక్షణ కర్తవ్యం.